ఒక్క స్ట్రింగ్ చదవడానికి రెండు ఆదివారాలు: తిరుపతి కొర్లగుంట సి క్లాస్ గురించి

ముందే చెప్పేస్తాను, చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం. సి భాషలో కిందిస్థాయి (హార్డ్‌వేర్‌కి దగ్గరగా ఉండే) కోడ్ రాసేవాళ్లు, లైనక్స్ బోర్డుల మీద పనిచేసేవాళ్లు, లేదా చదువు అయిపోయి ఆ దారిలో పోదామనుకుంటున్నవాళ్లు తిరుపతి చుట్టుపక్కల ఉంటే, కొర్లగుంటలో ఒక సార్ తన ఇంటి మేడ మీద ఆదివారాలు చెప్పే క్లాస్‌కి నిస్సంకోచంగా వెళ్లండి. బయట బోర్డు ఉండదు, దానికి ఒక పేరు కూడా లేదు, తెలిసినవాళ్లు చెబితే తెలిసినవాళ్లు వెళ్తారు. ఆరు ఆదివారాలు, 4,000 రూపాయలు, బ్యాచ్‌కి ఎనిమిది మందే. నేను చిత్తూరు నుంచి ఆరు వారాలూ బస్సులో వచ్చి పూర్తి చేశాను. లోపాలు కూడా ఉన్నాయి, అవీ కింద రాస్తాను.

నేనెందుకు వెళ్లానో చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం ఉండదు. చిత్తూరులో పాల సేకరణ కేంద్రాలకి చిన్న డబ్బాలు తయారుచేసే ఆఫీసులో నా పని. కేంద్రంలో తూకం మిషన్, ఫ్యాట్ చూసే మిషన్ రెండూ ఆ డబ్బాకి కలుస్తాయి, లోపల చిన్న లైనక్స్ బోర్డు ఉంటుంది. రైతు పాలు పోయగానే లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (పాలల్లో కొవ్వు కాకుండా ఉండే గట్టి పదార్థం) లెక్కకట్టి చీటీ ప్రింట్ చేసి, ఆ లెక్కనే సర్వర్‌కి పంపుతుంది. ఆ లెక్క ఏ ఊరిదో సర్వర్‌కి తెలిసేది డబ్బా హోస్ట్‌నేమ్‌ని బట్టి, అంటే నెట్‌వర్క్‌లో దానికి మేం పెట్టిన ఊరిపేరుని బట్టి. ఆ పేరు చదివే కోడ్ నేనే రాశాను. 16 బైట్ల బఫర్ (పేరు పట్టడానికి మెమరీలో చోటు, ఒక్కో బైట్‌కి ఒక్కో ఇంగ్లీషు అక్షరం) పెట్టి, గెట్‌హోస్ట్‌నేమ్ అనే ఫంక్షన్‌ని పిలిచి, అది ఏం తిరిగిచ్చిందో చూడకుండా ముందుకి పోయాను. ఐరాల, పెనుమూరు, పులిచెర్ల, అన్నీ బాగానే పనిచేశాయి. బంగారుపాళ్యం ఇంగ్లీషులో 13 అక్షరాలు, పేరు అయిపోయిందని చెప్పే చివరి సున్నా బైట్‌తో కలిపి 14, అదీ పట్టింది.

తర్వాత శ్రీరంగరాజపురంలో డబ్బా పెట్టాం. ఇంగ్లీషులో లెక్కపెట్టండి, 17 అక్షరాలు.

ఆ డబ్బా పాడవలేదు, ఆగలేదు, ఒక్క ఎర్రర్ కూడా చూపించలేదు. చీటీలు చక్కగా ప్రింట్ అయ్యాయి. కానీ సర్వర్‌కి పోయిన పేరులో మొదటి 16 అక్షరాలు ఊరిపేరువి, వాటి వెనకాల మెమరీలో పక్కన ఏముంటే అది. డబ్బా ఆపి మళ్లీ వేసిన ప్రతిసారీ ఆ తోక మారిపోయేది. మూడు రోజుల పాలు, రెండు పూటలా, ఏ ఊరి ఖాతాలోనూ పడలేదు. కేంద్రం నడిపే ఆయన ఫోన్ చేసి "ఏం సామీ, మా పాలన్నీ యాడికి పోయినాయి? రైతులకి నేనేం చెప్పాల?" అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. రైతుల దగ్గర చీటీలున్నాయి కాబట్టి ఎవరి డబ్బులూ పోలేదు, కానీ ఆ చీటీలన్నీ ముందేసుకుని ఒక రాత్రంతా నేనూ ఇంకొకతనూ చేత్తో ఎక్కించాం. తెల్లారాక 16ని 64 చేసి, సరిపోయిందనుకున్నాను.

అది కూడా తప్పేనని క్లాస్ మొదటి రోజే తెలిసింది. లైనక్స్‌లో హోస్ట్‌నేమ్ 64 అక్షరాల వరకూ ఉండొచ్చు. సున్నా బైట్‌తో కలిపి 65 కావాలి. యునిక్స్ రకం సిస్టమ్‌లకి ఉమ్మడి నియమాలైన పోసిక్స్ ప్రమాణమైతే కనీసం 255 అక్షరాల పేరుకి చోటివ్వాలంటుంది. అంటే నేను తప్పుని సరిచేయలేదు, ఇంకొంచెం దూరం జరిపానంతే.

సార్ గురించి రెండు మాటలు. అరవై దాటి ఉంటారు, బెంగళూరులో చాలా ఏళ్లు ఇదే పని చేసి సొంతూరికి వచ్చేశారు. మాట పూర్తిగా మన చిత్తూరు యాసే. మేడ మీద రేకుల షెడ్డు, ఒక నల్లబల్ల, నాలుగు బెంచీలు, గోడకి ప్లగ్ పాయింట్లు. కిటికీలోంచి తిరుమల కొండ కనిపిస్తుంది. ప్రొజెక్టర్ లేదు. స్లైడ్లు లేకపోతే ఏం చెబుతారులే అని మొదటి అరగంట అనుమానపడ్డాను. ఆ తర్వాత ఆ అనుమానం రాలేదు.

మొదటి రోజు పాఠం మొదలుపెట్టకుండా, మీ కోడ్ ఎక్కడ పడిపోయిందో ఒక్కొక్కరూ చెప్పండి అన్నారు. నా వంతు వచ్చినప్పుడు శ్రీరంగరాజపురం సంగతి చెప్పాను. ఆయన లేచి బల్ల మీద 16 గళ్లు గీశారు. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం రాసుకుంటూ పోయారు. పదహారో గడిలో 'ఎ' పడింది. 'ఎమ్'ని బయట గాల్లో రాసి, "దీనికి చోటు లేదు. దీని ఎనకాల రావాల్సిన సున్నాకి అసలే లేదు" అన్నారు. పక్కన ఇంకో నాలుగు గళ్లు గీసి, నా కోడ్‌లో ఆ బఫర్ పక్కన ఏ వేరియబుల్ ఉందని అడిగారు. పోర్ట్ నంబర్ అన్నాను, సర్వర్‌తో కలిసినప్పుడల్లా మారే అంకె అది. ఆ నంబర్ బైట్లు ఆ గళ్లలో రాసి చాక్‌పీస్‌తో ఒక బాణం గీశారు, మొదటి గడి నుంచి అటువైపు దాకా, సున్నా తగిలేదాకా. "చూడప్పా, సి లో స్ట్రింగుకి, అంటే అక్షరాల వరసకి, తన పొడవెంతో తనకి తెలీదు. సున్నా ఎదురయ్యేదాకా నడుస్తానే పోతాది. గోడ నువ్వు కట్టకపోతే పక్కింట్లోకి పోతాది." మూడు రోజుల పాలు ఎక్కడికి పోయాయో నా కళ్లతో నేను చూసింది అప్పుడే. ఆ ఫంక్షన్ నిజానికి నాకు మైనస్ ఒకటి తిరిగిచ్చి, పేరు పట్టలేదని చెప్పిందట. నేను ఆ జవాబు తీసుకోలేదు, అంతే తేడా.

ఇక ఈ క్లాస్‌లో అన్నిటికంటే విలువైనది రెండో, మూడో ఆదివారాలు. రెండు ఆదివారాలూ కలిపి ఒకే ఒక్క ఫంక్షన్. పేరు కాన్ఫ్‌స్టర్, కాన్ఫిగరేషన్ స్ట్రింగ్ అన్న రెండు మాటల్ని కత్తిరించి అతికించిన పేరు. సిస్టమ్ తన గురించి తాను చెప్పుకునే మాటలు కొన్ని ఉంటాయి, ప్రామాణిక కమాండ్లు ఏ ఫోల్డర్లలో ఉంటాయి, సి లైబ్రరీ ఏ వెర్షన్, అలాంటివి. అంకెలు కావాలంటే సిస్‌కాన్ఫ్‌ని అడగాలి, మాటలు కావాలంటే దీన్ని. కోడ్ రాయకుండా చూడాలంటే టెర్మినల్‌లో గెట్‌కాన్ఫ్ అనే కమాండ్ ఉంది. ఇంత చిన్న ఫంక్షన్‌కి రెండు ఆదివారాలా అని మా బ్యాచ్‌లో రేణిగుంట నుంచి వచ్చే ఒకన్న మొదట్లో విసుక్కున్నాడు కూడా. మూడో ఆదివారం అయ్యేసరికి అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసింది ఆయనే.

సార్ ఇచ్చిన మొదటి పని ఇది. 10 బైట్ల బఫర్ పెట్టి, ప్రామాణిక పాత్ (ఆ కమాండ్లుండే ఫోల్డర్ల జాబితా) అడిగి, వచ్చింది ప్రింట్ చేయండి. చేశాం. అందరికీ వచ్చింది ఒకటే: /బిన్:/యూఎస్ఆర్. ఎనిమిది మందిలో ఏడుగురం సరిగ్గానే వచ్చిందని చేతులెత్తాం. ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ చదివే ఒకమ్మాయి మాత్రం గెట్‌కాన్ఫ్‌తో పోల్చి చూసి ఆగింది. అసలు జవాబు /బిన్:/యూఎస్ఆర్/బిన్. ఇంగ్లీషులో అది 13 అక్షరాలు, సున్నాతో 14 బైట్లు. మాకిచ్చిన చోటు 10, అందుకని 9 అక్షరాలు రాసి, పదోది సున్నా పెట్టి, మర్యాదగా ఆపేసింది. ఇక్కడ కాన్ఫ్‌స్టర్ గెట్‌హోస్ట్‌నేమ్ కంటే మేలే, గోడ అది కడుతుంది. కానీ చూడండి, కత్తిరించగా మిగిలిన ముక్క కూడా అచ్చం నిజమైన పాత్‌లాగే ఉంది. "సార్, ఇది కూడా మంచి పాతే కదా, తప్పని ఎలా తెలుస్తుంది?" అని ఆ అమ్మాయి అడిగింది. "అదే ప్రమాదం తల్లీ. చెత్త వచ్చింటే కంటికి కనపడేది. సగం నిజం వచ్చింది కాబట్టి ఎవరికీ కనపడలా" అన్నారు సార్.

తెలిసే దారి ఉంది. ఆ ఫంక్షన్ తిరిగిచ్చే అంకె 14. నువ్వు 10 ఇచ్చావు, నాకు 14 కావాలి అని అది చెబుతూనే ఉంది. తిరిగొచ్చిన అంకె మన బఫర్ కంటే పెద్దదైతే కత్తిరింపు జరిగినట్టు.

అందుకే సార్ మాతో పది పదిహేనుసార్లు చేయించిన పద్ధతి ఏంటంటే, మొదటిసారి బఫర్ ఇవ్వకుండా, నల్ పాయింటర్ (ఏ చోటునీ చూపించని చిరునామా), సున్నా పొడవు ఇచ్చి పిలవడం. అప్పుడది ఏమీ రాయదు, ఎంత చోటు కావాలో మాత్రం చెబుతుంది, సున్నా బైట్‌తో సహా. ఆ అంకె పట్టుకుని మెమరీ అడగాలి, అది దొరికిందో లేదో చూడాలి, దొరికితే రెండోసారి పిలవాలి, అప్పుడు కూడా తిరిగొచ్చిన అంకెని మన దగ్గరున్న చోటుతో పోల్చాలి. పాలు పోయించుకోను పోయేటప్పుడు ఎన్ని లీటర్లో అడిగి క్యాన్ తీసుకుపోతాం కదా, చెంబు పట్టుకుపోయి మిగతాది నేల మీద పోయించుకోం. ఈ పోలిక నాదే, క్లాస్‌లో చెబితే సార్ బల్ల మీద రాసుకున్నారు.

సున్నా తిరిగొచ్చినప్పుడు ఏం చేయాలన్నది ఇంకో గంట. ఇది చాలామందికి తెలియని చోటు, నాకూ తెలియదు. కాన్ఫ్‌స్టర్ సున్నా ఇచ్చిందంటే రెండు అర్థాలున్నాయి. ఒకటి, నువ్వడిగిన పేరే తప్పు, అప్పుడు ఎర్రర్ ఏదో ఉంచే ఎర్నో అనే వేరియబుల్‌లో ఈ-ఇన్‌వాల్ (చెల్లని విలువ) అని పెడుతుంది. రెండోది, పేరు సరైనదే కానీ ఈ సిస్టమ్‌లో దానికి విలువ పెట్టలేదు, అప్పుడు ఎర్నోని ముట్టుకోదు. నాకిది మా కేంద్రం రిజిస్టర్ లాగే అనిపించింది. ఆ నంబర్‌తో రైతే లేకపోయినా లెక్క సున్నా, రైతు ఉండి ఈ పూట పాలు పోయకపోయినా లెక్క సున్నా, రెండూ ఒకటి కావు. తేడా తెలియాలంటే పిలవడానికి ముందు ఎర్నోని మన చేత్తో సున్నా చేయాలి, లేకపోతే అంతకుముందు ఇంకెక్కడో పడిన పాత ఎర్రర్ అక్కడే ఉండి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. సిస్‌కాన్ఫ్‌తోనూ ఇదే చిక్కు, అక్కడ సున్నా బదులు మైనస్ ఒకటి: అది తప్పుకీ మైనస్ ఒకటే ఇస్తుంది, హద్దు లేదని చెప్పడానికీ మైనస్ ఒకటే ఇస్తుంది. పైథాన్‌లో ఇదే ఫంక్షన్‌ని పిలిస్తే ఈ తేడా వాళ్లే చూసి, విలువ లేకపోతే నన్ (ఏమీ లేదని అర్థం) ఇస్తారు, పేరు తప్పయితే ఎర్రర్ లేపుతారు. అది సార్ చూపించాక పైథాన్ రాసిన వాళ్ల మీద గౌరవం పెరిగింది.

ఈ సున్నాని పట్టించుకోకుండా నేరుగా అంత మెమరీ ఇవ్వమని మాలాక్‌ని అడిగారనుకోండి, సున్నా బైట్లు అడిగినట్టు. కొన్నిచోట్ల నల్ వస్తుంది, కొన్నిచోట్ల నల్ కాని పాయింటర్ వస్తుంది, కానీ దాంట్లో ఒక్క బైట్ కూడా రాయకూడదు. అందులో చివర సున్నా పెడదామని చేయి పెట్టామా, మళ్లీ పక్కింటి గోడే.

ఇంకో ఉచ్చు ఉంది, దీంట్లో ఎనిమిది మందిమీ పడ్డాం. తప్పు జరిగితే మైనస్ వస్తుందని అలవాటు కొద్దీ, సున్నా కంటే తక్కువా అని చెక్ రాశాం. కాన్ఫ్‌స్టర్ తిరిగిచ్చేది సైజ్-టి, అంటే మైనస్ అన్నదే లేని రకం. ఆ చెక్ ఎప్పటికీ నిజం కాదు. కోడ్ చూస్తే జాగ్రత్తగా రాసినట్టే ఉంటుంది, పనిచేయదు. కంపైలర్‌ని అదనపు హెచ్చరికలతో పిలిచినప్పుడు అది పోలిక ఎప్పుడూ అబద్ధమేనని స్పష్టంగా చెప్పింది, మా కోడ్‌లో ఆ హెచ్చరికలే ఆపేసి ఉంచాం. సోమవారం ఆఫీసుకి పోయి మొదట చేసిన పని అవి తెరవడం. 41 హెచ్చరికలు వచ్చాయి. అందులో మూడు నిజమైన తప్పులు.

అలాగే, బఫర్‌లోకి మాటలు కూర్చి రాసే ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ ఫంక్షన్‌తో పోలిక. అది కూడా ఎంత చోటు కావాలో చెబుతుంది, కానీ చివరి సున్నాని లెక్కలోకి తీసుకోదు. కాన్ఫ్‌స్టర్ తీసుకుంటుంది. అందుకని మొదటిదాంట్లో అంకె బఫర్‌తో సమానమైనా కత్తిరింపే, రెండోదాంట్లో సమానమైతే సరిగ్గా పట్టినట్టు. ఒక్క బైట్ తేడా. రెండు ఫంక్షన్లూ ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే వాడి, ఒకదాని చెక్ రెండోదానికి కాపీ చేసేవాళ్లం మనం. సార్ ఈ రెండిటినీ బల్ల మీద పక్కపక్కన రాసి, ఒక వారమంతా తుడవకుండా ఉంచారు.

ఇంత జాగ్రత్త ఎందుకన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. సార్ దానికి రెండు జవాబులిచ్చారు. ఒకటి పాతది. 1988 నవంబర్ 2న ఇంటర్నెట్‌లో మోరిస్ వార్మ్ (ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే ప్రోగ్రామ్) వదిలినప్పుడు అది లోపలికి దూరిన దారుల్లో ఒకటి ఫింగర్ అనే సర్వీస్. దాంట్లో 512 బైట్ల బఫర్ ఉంది, గెట్స్ అనే ఫంక్షన్ ఎంత వస్తే అంత రాసేది, వార్మ్ 536 బైట్లు పంపింది. ఇరవై నాలుగు బైట్లు ఎక్కువ, అంతే. ఆ గెట్స్‌ని సి ప్రమాణంలోంచి పూర్తిగా తీసేసింది 2011లో. రెండో జవాబు మన పనికి దగ్గరది. రూట్ హక్కులతో (సిస్టమ్‌లో అన్ని అధికారాలతో) నడిచే ప్రోగ్రామ్ ఏదైనా కమాండ్ పిలిచేటప్పుడు ఎన్విరాన్‌మెంట్‌లో (నడిపేవాళ్లు ప్రోగ్రామ్‌కి అందించే సెట్టింగుల్లో) ఉన్న పాత్‌ని నమ్మితే, దాంట్లో ఎవరో తమ ఫోల్డర్ ముందు చేర్చి ఉంటే, మన ప్రోగ్రామ్ వాళ్ల కమాండ్‌ని మన హక్కులతో నడుపుతుంది. కాన్ఫ్‌స్టర్ ఇచ్చే పాత్ వేరు, అది బయటివాళ్లు సెట్ చేసే వేరియబుల్ నుంచి రాదు, సి లైబ్రరీ నుంచి వస్తుంది. అందుకే దాన్ని అడుగుతాం. అంత నమ్మకంతో అడిగిన జవాబునే సగంలో కత్తిరించి వాడితే ఇక అడిగి లాభమేముంది?

లైబ్రరీ అన్నాను కాబట్టి ఇదొకటి. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04, గ్నూ లైబ్రరీ వెర్షన్ అడిగితే జీలిబ్‌సి 2.35 అని వచ్చింది. అదే కోడ్‌ని సార్ ఆల్పైన్ లైనక్స్‌లో నడిపించారు, అక్కడుండేది ముస్ల్ అనే వేరే లైబ్రరీ. సున్నా వచ్చింది. ఆ వెర్షన్ స్ట్రింగ్ ప్రతిచోటా ఉంటుందనుకుని రాసిన మా కోడ్ అక్కడే ఆగిపోయింది. మా ఆఫీసులో వచ్చే ఏడాది బోర్డులు మార్చి ఆల్పైన్‌కి పోదామని మాట్లాడుకుంటున్నాం, ఈ ఒక్క పది నిమిషాలు నా ఫీజుకి సరిపోయాయి.

నాలుగో వారం అడ్రెస్ శానిటైజర్. కంపైల్ చేసేటప్పుడు ఒక ఆప్షన్ చేరిస్తే, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు హద్దు దాటిన చోటే ఆపి, ఏ లైన్‌లో, ఏ బఫర్‌లో అని ఎర్రక్షరాలతో చూపిస్తుంది. నా పాత కోడ్ తీసుకెళ్లి, ల్యాప్‌టాప్ హోస్ట్‌నేమ్‌ని శ్రీరంగరాజపురం అని మార్చి నడిపించాను. ఒక్క సెకనులో స్టాక్ బఫర్ ఓవర్‌ఫ్లో అని ఆపేసింది. మూడు రోజులు ఊరంతా వెతికిన తప్పు అది. చాలాసేపు ఆ స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయాను, సార్ కూడా ఏమీ అనకుండా పక్క బెంచీకి వెళ్లిపోయారు.

ఐదో వారం రీడ్‌లింక్ (లింక్ ఫైల్ దేన్ని చూపిస్తుందో చదివేది), గెట్ఎన్వ్ (ఎన్విరాన్‌మెంట్‌లోని విలువ తెచ్చేది), స్ట్ర్ఎన్‌కాపీ (స్ట్రింగ్‌ని కాపీ చేసేది). వీటి గురించి ఎక్కువ రాయను, పద్ధతి తెలిశాక ఇవి తేలికే. రీడ్‌లింక్ చివర సున్నా పెట్టదు. స్ట్ర్ఎన్‌కాపీ చోటు నిండిపోతే పెట్టదు. గెట్ఎన్వ్ ఇచ్చే పాయింటర్ మనది కాదు, దాచుకోవాలంటే కాపీ చేసుకోవాలి.

ఇప్పుడు నచ్చనివి.

ఆరో వారం రస్ట్ భాష, ఇలాంటి మెమరీ తప్పుల్ని కంపైలరే పట్టుకునేలా చేసిన భాష. ఇది ఒక్క పూటలో అయ్యే పని కాదు, సార్‌కీ తెలుసు, అయినా పెట్టారు. రస్ట్ నుంచి కాన్ఫ్‌స్టర్‌ని పిలిచేది అన్‌సేఫ్ బ్లాక్‌లోనే, అక్కడ రస్ట్ మనల్ని కాపాడదు, కత్తిరింపు జరిగినప్పుడు తిరిగొచ్చిన పెద్ద అంకెని చూడకుండా వెక్టర్ (రస్ట్‌లో సైజు మార్చుకోగల జాబితా) పొడవుగా పెట్టేస్తే సి లో జరిగే తప్పే ఇక్కడా జరుగుతుంది అన్న ముక్క మాత్రం చక్కగా అర్థమైంది. బైట్లలో మొదటి సున్నా దాకా వెతికి తీసుకునే ఫంక్షన్ 2023లో 1.69 వెర్షన్‌తో వచ్చిందని, చేతిలెక్క మానేసి అది వాడమని చెప్పారు. మిగతాదంతా పరుగు. మా బ్యాచ్‌లో సగం మందికి, ఏ మెమరీ ఎవరి చేతిలో ఉందో చెప్పే రస్ట్ నియమం ఓనర్‌షిప్ అంటే ఏమిటో తెలియకుండానే క్లాస్ అయిపోయింది. దీన్ని విడదీసి రెండు మూడు వారాల వేరే క్లాస్‌గా పెడితే నేను మళ్లీ ఫీజు కట్టి వస్తానని సార్‌కి చెప్పాను.

టైమ్ విషయం. పదింటికి మొదలై ఒంటిగంటకి అయిపోవాలి, ఒక్క ఆదివారం కూడా రెండున్నరకి ముందు లేవలేదు. తిరుపతిలో ఉండేవాళ్లకి పర్వాలేదు, మాలాంటి బయటూరి వాళ్లకి ఇబ్బంది. చిత్తూరుకి 70 కిలోమీటర్లు, ఆదివారం సాయంత్రం దర్శనం చేసుకుని తిరిగెళ్లే జనంతో బస్టాండ్ ఎలా ఉంటుందో తెలిసిందే, రెండుసార్లు చంద్రగిరి దాకా నిలబడే వచ్చాను. రేకుల షెడ్డు పన్నెండు దాటితే కాలిపోతుంది, రెండు ఫ్యాన్లు చాలవు. మేడమ్ గారు మధ్యలో మజ్జిగ పంపిస్తారు, అల్లం, కరివేపాకు దంచి వేసి, అది తాగాక ఇంకో గంట కూర్చోగలిగేవాళ్లం.

నోట్స్ ఇవ్వరు. బల్ల మీద రాసింది మనమే రాసుకోవాలి, ఫోటోలు తీస్తే ఒప్పుకోరు, చేత్తో రాస్తేనే గళ్లు అర్థమవుతాయంటారు. దీంట్లో నేను సార్‌తో ఏకీభవించలేదు. ఒక వారం జ్వరమొచ్చి రాలేని పిల్లవాడికి ఆ వారం పాఠం ఎక్కడా దొరకలేదు, పక్కవాళ్ల పుస్తకం అడిగి రాసుకున్నాడు. కనీసం కోడ్ ఫైళ్లయినా ఇవ్వాలి.

సర్టిఫికెట్ లేదు, ఉద్యోగం చూపించడం లేదు. అవి కావాల్సిన వాళ్లు ముందే తెలుసుకుని వెళ్లండి, తర్వాత సార్‌ని అడిగి ఇబ్బంది పెట్టొద్దు. పాయింటర్ అంటే ఏమిటో అసలు తెలియనివాళ్లు కూడా ఇప్పుడే వద్దు. ఫీజు తీసుకునే ముందు సార్ చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాయిస్తారు, రాయలేకపోతే డబ్బు తీసుకోకుండా, నాలుగు నెలలు చదువుకుని రమ్మంటారు. మా ముందే ఒకబ్బాయిని అలా పంపించారు. అతను బాధపడ్డాడు, నాకూ బాధేసింది, కానీ 4,000 తీసుకుని వెనక బెంచీలో కూర్చోబెట్టడం కంటే అదే న్యాయం.

ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఉండాలి, విండోస్ లోపల నడిపే లైనక్స్ కూడా సరిపోతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి తీసుకెళ్లండి, ప్లగ్ పాయింట్లు ఐదే ఉన్నాయి. బండి పెట్టడానికి ఆ సందులో చోటు లేదు, బస్టాండ్ నుంచి షేర్ ఆటోలో వెళ్లడం మేలు.

మా డబ్బాల్లో ఇప్పుడు ఆ పేరు చదివే కోడ్ మొత్తం 22 లైన్లు, అంతకుముందు రెండు. హద్దు ఎంతో సిస్‌కాన్ఫ్‌ని అడుగుతుంది, చెప్పకపోతే 255 అనుకుంటుంది, ఇంకో బైట్ ఎక్కువే తీసుకుంటుంది, చివరి బైట్‌లో తనే సున్నా పెడుతుంది, తిరిగొచ్చిన జవాబు చూస్తుంది, సరిగ్గా రాకపోతే సర్వర్‌కి పంపకుండా డబ్బా మీద ఎర్రలైట్ వేసి కేంద్రం ఆయనకి చెబుతుంది. శ్రీరంగరాజపురం 17 అక్షరాలూ పూర్తిగా వస్తున్నాయి. వచ్చే బ్యాచ్‌కి మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి పేరు ఇచ్చాను. ఎనిమిది మంది కుదిరిన ఆదివారం మొదలుపెడతారు, నిన్నటికి ఐదుగురయ్యారట.